చీటీ కింద పన్నెండు వోల్టులు

మా కంప్యూటరుకు ముందువైపు రెండు, వెనకవైపు నాలుగు యూఎస్‌బీ సందులు ఉన్నాయి. ముందున్నవి చేతికి అందుతాయి కనుక ఎవరైనా వాటినే వాడతారు. నేనూ పెన్‌డ్రైవు పెట్టాలంటే వాటినే వాడేవాణ్ని. పెన్‌డ్రైవుకు అది సరిపోతుంది, కరెంటు ఎక్కువ అడిగే హార్డ్ డిస్కుకు సరిపోదు. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి ఎనభైకి దగ్గరపడ్డ వయసులో నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఇంకొకరి బతుకు నా బల్ల మీద ఉండింది.

ఆదోనిలో మా ఇంటికి ఒక రోజు పొద్దున్నే కౌతాళం వైపు నుంచి ఒకామె వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, నిలబడే అడిగింది.

"సార్, గుర్తు పట్టినారా?"

"లేదమ్మా."

"ఎట్ల పడ్తారులే. మీ కాడ మూడో తరగతి సదివేటప్పుడు నాకు ముందు పండ్లు లేవు." నవ్వి నోరు చూపించింది. "ఇప్పుడు గూడా లేవు. ఇప్పుడన్నా గుర్తుకు రావల్ల."

నా భార్య లోపలి నుంచి నవ్వడం వినిపించింది. నేను మొదట ఉద్యోగంలో చేరిన ఊరు ఆమెది. అక్కడ ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆరేళ్లు పనిచేశాను. ఆమె ఇప్పుడు ఆ ఊరి అంగన్‌వాడీలోనే ఆయా. పిల్లలకు వండిపెడుతుంది, వాళ్లను ఇళ్ల నుంచి పిలుచుకొస్తుంది, ముక్కులు తుడుస్తుంది.

ఆమెకు వచ్చిన చిక్కు ఇది. ఆధార్ కార్డులో ఒక పుట్టిన తేదీ ఉంది. ఆమె పనిచేసే శాఖ ఆఫీసు పుస్తకంలో ఇంకొకటి ఉంది. రెండింటికీ ఏడాదిన్నర తేడా. ఆఫీసు పుస్తకం ప్రకారం వచ్చే నెలాఖరుకు ఆమె పని మానాలి. ఆధార్ ప్రకారమైతే ఇంకా ఏడాదిన్నర చేయవచ్చు. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఏముంటే అదే ఖాయం చేస్తామని, పదిహేను రోజుల్లో తెమ్మని ఆఫీసులో చెప్పారు.

"బడికి పోతి సార్. ఆ రిజిస్టరు వానకు తడిసి అట్ట మాదిరి అతుక్కపోయిండాది. విప్పితే పిండి రాల్తాంది. హెడ్‌మాస్టరు సారేమో, పాత సారు అన్నీ ఫోటో తీసి పెట్టుకున్యాడు, ఆయన కాడికి పో అన్యాడు. పదైదు దినాల్లో ఐదు అయిపాయ."

"ఇంట్లో ఇంకెవరు పనిచేస్తారమ్మా?"

"మా ఆయనకు నడుము పడిపోయి రెండేండ్లాయ. ఆయన చేసే పనల్లా నన్ను కేకలేసేది." మళ్లీ నవ్వింది గాని, ఈసారి కవరును రెండు చేతులతో పట్టుకుంది.

హెడ్‌మాస్టరు చెప్పింది నిజమే. నేను రిటైరైన కొన్నేళ్లకు ఆ బడి కప్పు కారడం మొదలైంది. అప్పటి హెడ్‌మాస్టరు నా శిష్యుడు. అతని అనుమతితో వేసవి సెలవుల్లో అక్కడికి పోయి, పాత అడ్మిషన్ రిజిస్టర్లన్నీ పేజీ తరువాత పేజీ ఫోటోలు తీశాను. వాటిని బడికి ఒక సీడీలో ఇచ్చాను. నా దగ్గర అరచేయంత డిస్కులో పెట్టుకున్నాను. బడిలో ఉన్న సీడీ ఎప్పుడో గీతలు పడి పనికిరాకుండా పోయింది. అంటే మిగిలింది నా డిస్కు ఒక్కటే. "రెండో కాపీ తీయాలి" అని నా డైరీల్లో వేర్వేరు సంవత్సరాల్లో ఆరు చోట్ల రాసుకున్నాను. తీయలేదు. రాసుకోవడంతోనే పని అయిపోయినట్టు అనిపించే జబ్బు నాది.

ఆమె ముందరే బీరువా తీసి, స్టీలు డబ్బాలో గుడ్డ చుట్టి పెట్టిన డిస్కును బయటికి తీశాను. కంప్యూటరు ఆన్ చేసి, అలవాటు కొద్దీ ముందు సందుకు వైరు పెట్టాను. డిస్కు మీద చిన్న నీలం దీపం వెలిగింది. లోపల ఏదో తిరగబోయి ఆగినట్టు టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. కంప్యూటరు తెర మీద ఏమీ రాలేదు.

"పలకల్యా?" అంది ఆమె.

"పలుకుతుంది. నువ్వు పో అమ్మా, పిల్లలు వచ్చే వేళ కదా. నేను ఫోన్ చేస్తాను."

ఆమె పోయిన తరువాత పని మొదలుపెట్టాను. దేన్నైనా వరుసగా చేయడం నా పద్ధతి. మొదట ముందు సందు, తరువాత వెనక సందు. వెనక వాటికి పెట్టగానే డిస్కు గుర్రుమని తిరిగింది, దాని పేరు తెర మీద కనిపించింది, నేను కళ్లద్దాలు సర్దుకునే లోపల మాయమైంది. దాని అర్థం నాకు తరువాత తెలిసింది. ముందు సందులకు కరెంటు సన్నని వైర్ల మీదుగా పోతుంది. వెనకవి నేరుగా కంప్యూటరు బోర్డు మీదే ఉంటాయి కనుక కాస్త నయం. కానీ మా కంప్యూటరు పాతది. ఒక్కో సందుకు అర ఆంపియరు ఇస్తుంది, అదీ ముక్కుతూ మూలుగుతూ. డిస్కు ఆగి ఉన్న చోటు నుంచి తిరగడం మొదలుపెట్టేటప్పుడు అంతకు మించి అడుగుతుంది. చాలకపోతే తిరగబోయి ఆగుతుంది. ఆ టిక్కుమనేది ఆకలి చప్పుడు.

ఈ డిస్కుతో పాటు రెండు మూతుల వైరు ఒకటి వచ్చింది. రెండు సందుల నుంచి కరెంటు తీసుకుని ఒక డిస్కుకు ఇచ్చేది. దాన్ని ఎలుక కొరికిన సంగతి కూడా డైరీలో ఉంది. ఇక మిగిలింది హబ్. ఒక సందును నాలుగు చేసే చిన్న పెట్టె అది. దానికి గోడ నుంచి సొంతంగా కరెంటు ఇచ్చే అడాప్టరు ఉంటుంది. అప్పుడు డిస్కు కంప్యూటరును కరెంటు అడగాల్సిన పని లేదు, సమాచారం మాత్రం ఇచ్చి పుచ్చుకుంటుంది. ఆలోచన సరైనదే. ఈ రోజుకూ అదే సరైనదంటాను.

మా ఇంట్లో అడాప్టర్లు ఏడు. ఫోను, రేడియో, ఇంటర్నెట్ పెట్టె, టీవీ కింద ఉండే పెట్టె, ఇలాంటివన్నీ. దేనిది ఏదో తెలియక నా భార్య విసుక్కుంటుందని ఒక్కోదానికి తెల్ల చీటీ అంటించి అంకె వేశాను. ఏ అంకె దేనిదో డైరీ వెనక పేజీలో రాసుకున్నాను. "నాలుగు - హబ్." నాలుగో నంబరు తీశాను. నల్లగా ఉంది, గుండ్రటి పిన్ను. హబ్‌లో పెడితే చక్కగా దిగింది.

నా భార్య బియ్యం చేటతో పక్కనే కూర్చుని ఉంది. "అది దీనిదేనా?" అంది.

"డైరీలో ఉంది."

"డైరీలో ఉండేది నాకు తెల్సు. దాని మీద ఏముండాదో సూడండి."

"పిన్ను సరిపోయింది కదా."

"సరిపోతే సాలా? మీ చెప్పు నా కాలికి గూడా దిగతాది."

స్విచ్చు వేశాను. హబ్ మీద దీపం ఎన్నడూ లేనంత ప్రకాశంగా వెలిగింది. డిస్కు ఒకసారి పెద్దగా గిర్రుమంది. తరువాత ఏ చప్పుడూ లేదు. కంప్యూటరు కూడా ఆరిపోయింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. నా భార్య చేట కింద పెట్టి, లేచి గోడ స్విచ్చు ఆపింది.

కంప్యూటరు అరగంట తరువాత మళ్లీ ఆన్ అయింది. డిస్కు కాలేదు. ముట్టుకుంటే వెచ్చగా, చచ్చిన కోడిపిల్లలా ఉంది. మధ్యాహ్నం కౌతాళం వైపు ఆమె ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. రెండోసారి మోగినప్పుడు నా భార్య ఎత్తి, "సారు ఇంకా సూస్తాండాడమ్మా" అంది. నా కోసం నా భార్య ఆడిన అబద్ధాలు తక్కువ. అందుకే అది ఇప్పటికీ గుర్తుంది.

ఆదోనిలో కంప్యూటర్లు బాగుచేసే ఇద్దరికి చూపించాను. ఇద్దరూ మూడేసి రోజులు పెట్టుకుని, తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చారు. అందులో ఒకతను, ఎమ్మిగనూరులో ఒకాయన ఉన్నాడు, మోటార్లకు తీగ చుట్టే పని చేసి తరువాత ఇందులోకి వచ్చాడు, ఓపిక ఉన్న మనిషి అని చెప్పాడు. మరునాడు డిస్కు, హబ్, అడాప్టరు మూడింటినీ ఒక సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. సంచిని ఒడిలో పెట్టుకున్నాను. పక్కసీటులో ఉన్నాయన అందులో ఏముందని అడిగితే పుస్తకాలన్నాను. ఆ పని అబద్ధం మీద అబద్ధం చెప్పించింది.

మెట్లెక్కితే తువ్వాళ్ల అంగడి మీద ఆయన గది. యాభై దాటిన మనిషి, నెరసిన గడ్డం, నుదుటి మీద భూతద్దం. నేను డిస్కు ఇవ్వగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమి తాపిచ్చినారు సార్ దీనికి?"

"ఈ అడాప్టరు పెట్టాను."

ఆయన అడాప్టరును తిప్పి చూశాడు. వోల్టులు ఎన్నో అచ్చువేసి ఉండే చోట నా తెల్ల చీటీ ఉంది. గోటితో గీకి దాన్ని ఒలిచాడు. కింద పన్నెండు వోల్టులని ఉంది. హబ్‌కు కావాల్సింది ఐదు.

"ఈ చీటీ ఎవరు అంటించినారు?"

"నేనే."

"రాత ముత్యాల మాదిరి ఉండాది సార్. ఏం లాభం? కంపెనీవాడు రాసిందాన్ని మీ రాతతో మూసేస్తిరి. పసిబిడ్డకు ఊరమిరపకాయ తినిపించినట్లు చేస్తిరి కదా."

ఆ మాటతో అసలు సంగతి అర్థమైంది. మొన్న ఎండాకాలంలో జిగురు ఎండి రెండు చీటీలు ఊడిపోయాయి. రెండు అడాప్టర్లూ నల్లనివే, ఒకే పొడుగు. ఏది దేనిదో గుర్తుందనుకుని మళ్లీ అంటించాను. ఇప్పుడు వాడని ఇంటర్నెట్ పెట్టె అడాప్టరుకు నాలుగో అంకె పడింది. తారుమారు చేసింది నేను, సాక్ష్యం మీద కాగితం అంటించింది నేను, తరువాత ఆ కాగితాన్నే సాక్ష్యంగా నమ్మిందీ నేనే.

"అందులోనివి పోయినట్టేనా?" అని అడిగాను.

"ఫికర్ చేయొద్దు. జరా ఆగండి. సచ్చిందేదో బతికిందేదో సూడనీ."

పై డొప్ప తీశాడు. కంప్యూటరుకు తగిలించే చిన్న బోర్డు నల్లగా కమిలింది. దాన్ని పక్కన పడేశాడు. డిస్కు మీదనే ఉన్న పచ్చ బోర్డును భూతద్దంలో చాలాసేపు చూసి, కొర్రగింజంత నల్ల ముక్కను చూపించాడు. కరెంటు ఎక్కువొచ్చినప్పుడు అది ముందు తన మీద వేసుకుని, దారి మూసేస్తుందట. అది చచ్చిపోయింది. దాన్ని వేడి ముల్లుతో తీసేసి, డిస్కును ఇంకో డొప్పలో పెట్టి, తన దగ్గరున్న సరైన కరెంటు ఇచ్చాడు. డిస్కు తిరిగింది. ఆగలేదు. నేను బల్ల మీదికి వంగి ఆ చప్పుడు విన్నాను.

"కుర్చీ ఉండాది, కూర్చోండి సార్. దీనికి ఇప్పుడు కాపలావాడు లేడు. ఇంకోపారి తప్పు కరెంటు పోతే నేరుగా గుండెకాయకే తగుల్తాది. ఈడనే కాపీ తీసియ్యాలనా?"

వద్దన్నాను. ఆ రిజిస్టర్లలో ఊళ్లోని అందరి తల్లిదండ్రుల పేర్లు, కులాలు, పుట్టుమచ్చలు ఉన్నాయి. ఇంకొకరి యంత్రంలో పెట్టనని బడికి మాట ఇచ్చాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఐదు వోల్టుల అడాప్టరుతో కొత్త హబ్ ఒకటి ఇచ్చి, ఏం చేయాలో నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. పిన్నును నమ్మరాదు, ఏ పిన్నైనా ఏ రంధ్రంలోనైనా దిగుతుంది. వోల్టు సమానంగా ఉండాలి, ఆంపియరు సమానంగా గాని ఎక్కువ గాని ఉండవచ్చు, తక్కువ ఉండరాదు. ప్లస్సు వైపు పిన్ను మధ్యలో ఉందో అంచున ఉందో అడాప్టరు మీది బొమ్మ చూసుకోవాలి. ముందు హబ్‌కు కరెంటు ఇచ్చి, దాన్ని కంప్యూటరు వెనక సందుకు పెట్టి, చివరన డిస్కు. ఒక హబ్‌కు ఒకే డిస్కు. తీసేటప్పుడు కంప్యూటరుకు చెప్పి, తిరగడం ఆగిందాకా చూసి తీయాలి.

"మీరు సార్లు కదా, మాకు అప్పజెప్పించేటోళ్లు," అని నవ్వాడు. "ఈ పొద్దు నేను అప్పజెప్పించుకుంటి."

మరునాటికి ఆమెను రమ్మన్నాను. డిస్కు కాలిన సంగతి, బాగైన సంగతి దాచకుండా చెప్పాను. ఆమె దవడ మీద చేయి వేసుకుని విని, "ముసలోళ్లం, మనం గూడా అట్లనే కదా సార్, యాడో ఒక ముక్క తీసేస్తే నడుస్తాం" అంది. నా భార్య కొత్త అడాప్టరు మీది అక్షరాలను భూతద్దంతో పైకి చదివింది. నేను అన్నీ చెప్పిన వరుసలోనే పెట్టాను. డిస్కు తిరిగింది. మొదట అన్నిటినీ కంప్యూటరులోకి కాపీ తీశాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ముగ్గురమూ ఫ్యాను కూడా వేసుకోలేదు. కరెంటు ఎక్కడ ఊగుతుందోనని నాకు భయం, నన్ను చూసి వాళ్లకు.

తరువాత ఆమె చేరిన సంవత్సరం పేజీ తెరిచాను. నా చేతిరాతే. నీలి సిరా, ఎర్ర గీతలు. ఆమె కళ్లు చికిలించి పుట్టిన తేదీల గడిలో పైనుంచి కిందికి చూసింది.

"జూలై ఒకటి. జూలై ఒకటి. జూలై ఒకటి." వేలు తెర మీద జారుతూ పోయింది. "ఏం సార్, ఊర్లో మేమందరం ఒకే కాన్పా?"

ఆ రోజుల్లో పల్లెల్లో ఎవరికీ తేదీలు లేవు. బడి జూన్‌లో తెరిస్తే, చేరే పిల్లలకు జూలై ఒకటికి ఐదేళ్లు నిండేటట్టు మేమే ఒక తేదీ వేసేవాళ్లం. ఆ మాట చెప్పబోయేలోగా ఆమె వేలు తన పేరు దగ్గర ఆగింది. సంవత్సరం చదివింది. ఆఫీసు పుస్తకంలో ఉన్న సంవత్సరమే అది. ఆమెకు అక్కరలేని సంవత్సరం. నవ్వు ఆగిపోయింది.

తెర వైపే చూస్తూ మెల్లగా అంది. "సార్, రిజిస్టరు యాడా దొరక్కపోతే ఆధారే సూస్తామన్యాడు ఆఫీసులో క్లర్కు. ఇది కాలిపోయిందని సెప్తే ఏమైతాది? కాలింది కదా. మొన్న కాలింది కదా నిజంగానే."

ఎమ్మిగనూరు మెట్లు ఎక్కకుండా ఉంటే ఆమెకు ఏడాదిన్నర దక్కేది. నా తప్పును సరిదిద్దుకుని ఆమె కూడు తీశాను. లేచి డైరీల బీరువా దగ్గరికి పోయాను. ఆ సంవత్సరం డైరీ తీసి, జూన్ నెలలో బడి తెరిచిన వారం వెతికాను. దొరికింది. ఆమెకు చదివి వినిపించాను.

"ఈ రోజు ఆరుగురు చేరారు. కుడిచేయి తల మీదుగా ఎడమ చెవిని అందుకుంటే ఐదేళ్లుగా లెక్క. ఒక పిల్లకు అందలేదు. తల్లి పిల్ల తలను కొంచెం వంచింది, అందింది. నాలుగు నిండలేదట, అలసందలు కోసేటప్పుడు పుట్టిందట. కూలికి పోవాల, దీన్ని యాడ ఇడ్సిపోయేది సామీ అంది. చేర్చుకున్నాను."

ఆమె కుడిచేయి తనకు తెలియకుండానే కొంచెం పైకి లేచి ఆగింది.

"ఆ పిల్ల నేనే అని రాసినారా?"

"నీ పేరు, మీ అమ్మ పేరు రెండూ కింద రాసి ఉన్నాయి."

"ఆమె మాట అట్లనే రాసినారే," అంది. "మా యమ్మ సచ్చి ఎన్నేండ్లాయనో." కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అప్పుడే బడి హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. స్పీకరు వేయకపోయినా ఆయన గొంతు గదంతా వినిపించింది. "సార్, నమస్కారం. ఆ పేజీ దొరికిందా? ఆఫీసోళ్లు అడుగుతాండారు. లేదంటే లేదని రాసిచ్చేస్తా, పని అయిపోతుంది."

ఆమె నా వైపు చూసింది. నా భార్య ఆమె వైపు చూసింది. లేదు అనే మాట ఎంత చిన్నదో నాకు ఆ రోజు తెలిసింది.

"దొరికింది," అన్నాను. "కానీ అందులో ఉన్న తేదీ ఆమెది కాదు. నేను వేసింది. తప్పని తెలిసే వేశాను. అదే రోజు రాసుకున్న సాక్ష్యం కూడా నా దగ్గర ఉంది. పేజీతో పాటు రాసి పంపిస్తాను."

"అట్లయితే మీ మీదికొస్తుందేమో సార్," అన్నాడు. రానివ్వమన్నాను. ఈ వయసులో నా నుంచి తీసుకునేది ఏముంది అని మనసులో అనుకున్నాను. ఆమె నుంచి తీసుకునేది మాత్రం ఉంది. ఆ తేడా నాకు తెలుసు. అందుకే ఆ ధైర్యం గురించి గొప్పగా చెప్పుకోలేను.

ఆమె కోపగించుకోలేదు. కోపగించుకుంటే తట్టుకునేవాణ్ని. కాగితాలు కవరులో సర్దుకుంటూ, "మీరు ఒక మాట అబద్ధమాడితే అప్పుడు బళ్లో చేరితి. ఇంకో మాట ఆడింటే ఇంకొన్ని దినాలు పని చేస్తాంటి" అంది.

మూడు పేజీల ఉత్తరం రాశాను. ఆఫీసువాళ్లు చదివి, డైరీ నకలు చెల్లదు, అసలు పుస్తకమే కావాలన్నారు. అరవై ఏళ్లలో ఒక్క డైరీ ఇల్లు దాటలేదు. నేనే తీసుకుపోయి ఇచ్చాను, రసీదు అడిగి తీసుకున్నాను. పై అధికారికి పంపామని, నిర్ణయం వచ్చేదాకా ఆమెను మాన్పించబోమని క్లర్కు నోటిమాటగా చెప్పాడు. కాగితం మీద అడిగితే నవ్వాడు.

ఆఫీసు పుస్తకంలోని గడువు నిన్నటితో దాటింది. ఈ రోజు పదకొండు గంటలకు ఆమెకు ఫోన్ చేశాను. వెనక పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

"ఇంకా ఏమీ రాల్యా సార్. పొమ్మని గూడా ఎవరూ అనల్యా. ఈ పొద్దు గుడ్డు దినం, ఒకడు సొన తినకుండా గోడకు పూస్తాండాడు. పెట్టేస్తా," అని పెట్టేసింది.